ఉద్యోగుల ఆరోగ్య ఖర్చు తగ్గాలంటే: సంస్థలో వెల్‌నెస్ కార్యక్రమాన్ని ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా నడపాలి

అడుగుల పోటీ పెట్టారు, యోగా క్లాసులు పెట్టారు, క్యాంటీన్‌లో పళ్లు పెట్టారు. రెండేళ్లు గడిచాయి. బీమా రెన్యూవల్ కాగితం వచ్చేసరికి ప్రీమియం మళ్లీ పెరిగింది. చాలా సంస్థల్లో జరిగేది ఇదే. ఖర్చు పుట్టే చోటు ఒకటి, కార్యక్రమం నడిచే చోటు మరొకటి కావడమే దీనికి కారణం.

ఉద్యోగుల వైద్య బీమా ఖర్చులో ఎక్కువ భాగం యాజమాన్యాలే భరించే అమెరికాలో ఈ విషయం మీద గట్టి పరీక్షలే జరిగాయి. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం 2016లో తన ఉద్యోగుల్లో 4,834 మందిని లాటరీ పద్ధతిలో రెండు జట్లు చేసి, ఒక జట్టుకే వెల్‌నెస్ కార్యక్రమం ఇచ్చింది. వైద్య ఖర్చులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పైగా, అవకాశం ఇవ్వగానే చేరినవారు అంతకుముందు నుంచే తక్కువ ఖర్చు పెడుతున్నవారని తేలింది. ఒక పెద్ద దుకాణాల సంస్థలో 160 శాఖల్లోని దాదాపు 33 వేల మంది మీద జరిగిన మరో పరీక్ష ఫలితాలు 2019లో వచ్చాయి. 18 నెలల తర్వాత వ్యాయామం చేస్తున్నామని చెప్పినవారు పెరిగారు. బీపీ, కొలెస్ట్రాల్, ఖర్చు, సెలవులు మాత్రం మారలేదు.

ఇవి చూసి వెల్‌నెస్ మొత్తం దండగ అనుకోవద్దు. పెప్సికో సంస్థలో ఏడేళ్ల లెక్కలు చూసిన పరిశోధకులు 2014లో రెండు భాగాలను విడదీసి లెక్కించారు. అప్పటికే దీర్ఘకాలిక జబ్బు ఉన్నవారికి తోడుగా నిలిచే భాగం మీద పెట్టిన ప్రతి డాలరుకు 3.80 డాలర్లు తిరిగి వచ్చాయి. అలవాట్లు మార్చే భాగానికి వచ్చింది 0.50 డాలరు మాత్రమే. ఆదాలో 87 శాతం తెచ్చిన మొదటి భాగంలో ఉన్నది పాల్గొన్నవారిలో 13 శాతమే. కింది పద్ధతి అంతా ఈ తేడా మీద నిలబడింది.

1. ఆదా ఎవరికి చేరుతుందో ముందు తేల్చుకోండి

సంస్థే క్లెయిములు చెల్లిస్తుంటే తగ్గిన ప్రతి క్లెయిమూ సంస్థకే మిగులుతుంది. ప్రీమియం కట్టి బీమా కంపెనీకి అప్పగించి ఉంటే ఆ ఏడాది ఆదా బీమా కంపెనీది. దాన్ని రాబట్టుకోవడానికి మీకున్న అవకాశం రెన్యూవల్ బేరం ఒక్కటే. అందుకే కార్యక్రమం మొదలుపెట్టకముందే బీమా కంపెనీని రెండు ప్రశ్నలు అడగాలి: మా ప్రీమియం మా సొంత క్లెయిముల అనుభవం మీద ఎంత శాతం ఆధారపడుతుంది? క్లెయిములు తగ్గితే ఆ తగ్గుదల ఏ ఏడాది ప్రీమియంలో కనిపిస్తుంది? జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. చిన్న సంస్థలను చాలాచోట్ల ఇతర సంస్థలతో కలిపి ఒకే గంపలో లెక్కిస్తారు. మీదీ అలాంటిదే అయితే ఎంత బాగా నడిపినా ప్రీమియం కదలదు. అప్పుడు మీ లాభం తగ్గిన గైర్హాజరులో, ఉద్యోగం మానకుండా నిలిచినవారిలో వెతుక్కోవాలి. ఆ సంగతి బోర్డుకు మొదటి రోజే చెప్పండి.

2. క్లెయిముల లెక్క తీయండి

బీమా కంపెనీ నుంచో, క్లెయిములు చూసే ఏజెన్సీ నుంచో కనీసం 24 నెలల లెక్క, దొరికితే 36 నెలలది అడగండి. పేర్లు, ఉద్యోగి నంబర్లు ఉండకూడదు. పట్టికలో ఏ గడిలోనైనా పది మందికన్నా తక్కువ ఉంటే ఆ గడిని పక్కదానితో కలిపి ఇవ్వమనండి. లేకపోతే 'కిడ్నీ జబ్బు, మహిళ, 50 ఏళ్లు దాటినవారు, ఫలానా శాఖ' అనగానే మనిషెవరో అందరికీ తెలిసిపోతుంది. కావలసిన వివరాలు ఇవి:

- జబ్బు వర్గాల వారీగా మొత్తం ఖర్చు, మనుషుల సంఖ్య
- ఆసుపత్రిలో చేరిక, ఓపీ, ఎమర్జెన్సీ, మందులు, స్కానింగులు వేర్వేరుగా
- ఉద్యోగులు, భార్యాభర్తలు, పిల్లలు వేర్వేరుగా
- ఒక్కో మనిషికి పరిమితి దాటిన భారీ క్లెయిములు విడిగా

వచ్చాక మొదట చేయాల్సిన లెక్క సభ్య-నెల ఖర్చు. 500 మంది ఉద్యోగులు, 700 మంది కుటుంబ సభ్యులు కలిపి 1,200 మందికి బీమా ఉంటే ఏడాదికి 14,400 సభ్య-నెలలు. మొత్తం క్లెయిములను దీనితో భాగించండి. మనుషులు చేరినా మానినా ఏడాదికీ ఏడాదికీ పోల్చగలిగేది ఈ అంకెనే.

తర్వాత ఖర్చును రెండు కుప్పలు చేయండి. కాన్పులు, ప్రమాదాలు, పుట్టుకతో వచ్చిన లోపాలు, క్యాన్సర్ చికిత్స ఒక కుప్ప. వీటి మీద వెల్‌నెస్ ప్రభావం ఏడాది రెండేళ్లలో ఉండదు. బీపీ, షుగర్, గుండె జబ్బు, నడుము-మెడ-మోకాలి నొప్పులు, ఆస్తమా, డిప్రెషన్, పొగాకు వల్ల వచ్చేవి రెండో కుప్ప. మీరు పని చేయగలిగింది ఇక్కడే. మొత్తంలో రెండో కుప్ప 30 శాతం ఉంటే, అందులో పదో వంతు తగ్గించినా మొత్తం మీద 3 శాతమే. 'ఏడాదిలో 20 శాతం ఆదా' అని ఎవరైనా చెబితే ఈ గుణకారం వాళ్ల ముందు పెట్టండి.

కుటుంబ సభ్యుల వాటా చూసి చాలామంది ఆశ్చర్యపోతారు. ఖర్చులో సగం వారిదైతే, ఆఫీసు గోడల మధ్యే నడిచే కార్యక్రమం ఆ సగాన్ని తాకదు.

3. గోప్యత గోడ ముందు, కార్యక్రమం తర్వాత

తన షుగర్ సంగతి మేనేజర్‌కు తెలుస్తుందన్న అనుమానం ఒక్కరికి వచ్చినా ఆ మాట వారంలో అంతటా పాకుతుంది. పరీక్షకు ఆరోగ్యవంతులే వస్తారు, అసలు రావాల్సినవాళ్లు మానేస్తారు. కాబట్టి పరీక్షలు చేసేది, ఫోన్లు చేసేది బయటి నర్సులు, డాక్టర్లు కావాలి. వ్యక్తిగత ఫలితాలు వాళ్ల దగ్గరే ఉండాలి. హెచ్‌ఆర్‌కు చేరేది మొత్తాలు మాత్రమే. ఈ నియమాన్ని ఒక పేజీలో, మామూలు మాటల్లో రాసి, యాజమాన్యంలో పై స్థాయి వ్యక్తి సంతకంతో అందరికీ ఇవ్వండి. మీ దేశపు చట్టం కూడా చూసుకోండి. అమెరికాలో జన్యు సమాచారం ఆధారంగా వివక్ష చూపకుండా 2008లో తెచ్చిన జీనా చట్టం వల్ల, బహుమతి ఆశ చూపి కుటుంబంలో ఎవరికి ఏ జబ్బులున్నాయో అడగడం కుదరదు.

4. రెండు, మహా అయితే మూడు లక్ష్యాలు

తొమ్మిది కార్యక్రమాలు కొంచెం కొంచెంగా నడిపే డబ్బుతో రెండింటిని గట్టిగా నడపవచ్చు. చాలా సంస్థల్లో లెక్కలు తీస్తే పైకి తేలేవి బీపీ-షుగర్ జంట, నడుము నొప్పి, పొగాకు, మానసిక ఆరోగ్యం. వీటిలో మీ పట్టికలో ఖర్చు ఎక్కువగా ఉన్నవాటిని ఎంచుకోండి.

5. బీపీ, షుగర్: తప్పులు ఎక్కువగా జరిగే చోటు

పరీక్షల శిబిరం పెట్టి రిపోర్టు చేతిలో పెట్టి పంపేస్తే ఖర్చు పెరుగుతుందే తప్ప తగ్గదు. శిబిరానికి పెట్టే ప్రతి రూపాయికీ, ఆ తర్వాత వెంటపడి కనుక్కునే పనికి కనీసం మరో రూపాయి పక్కన పెట్టండి. అది కుదరకపోతే శిబిరం పెట్టకపోవడమే మేలు.

బీపీ కొలవడంలో ఈ జాగ్రత్తలు తప్పనిసరి. అరగంట ముందు నుంచి కాఫీ, టీ, సిగరెట్ వద్దు. మూత్రానికి వెళ్లి రావాలి. వీపు ఆనించి, పాదాలు నేలమీద ఆనేలా, కాలు మీద కాలు వేసుకోకుండా 5 నిమిషాలు నిశ్శబ్దంగా కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్లమీద ఉండాలి. పట్టీ చొక్కా మీద కాకుండా చర్మం మీద కట్టాలి. నిమిషం తేడాతో రెండుసార్లు కొలిచి సగటు తీసుకోవాలి. లావుపాటి చేతికి చిన్న పట్టీ కడితే అంకె లేనిపోనిదిగా పెరుగుతుంది, కాబట్టి కనీసం మూడు సైజులు ఉంచండి. కొలుస్తున్నప్పుడు నర్సు కబుర్లు చెబుతున్నా అంకె పెరుగుతుంది. వరుసలో నిలబెట్టి, కూర్చోగానే కొలిచే శిబిరాల్లో బీపీ లేనివాళ్లు కూడా బీపీ ఉన్నవాళ్లుగా తేలతారు. ఆ తర్వాత అనవసరపు డాక్టర్ ఫీజులు, పరీక్షలు మీ క్లెయిముల్లోకే వస్తాయి.

సగటు 140/90 గానీ అంతకుమించి గానీ ఉంటే మరో రోజు మళ్లీ కొలవాలి. అప్పుడూ అలాగే ఉంటే రెండు వారాల లోపు డాక్టర్ దగ్గర సమయం ఇప్పించాలి. 'వెళ్లి చూపించుకోండి' అని చెప్పి వదిలేయకుండా, శిబిరం బల్ల దగ్గరే అపాయింట్‌మెంట్ తీసుకోండి. 180/120 దాటితే 5 నిమిషాల తర్వాత మళ్లీ కొలవాలి. దానితోపాటు ఛాతీ నొప్పి, ఆయాసం, చూపు మసకబారడం, మాట తడబడటం, ఒక వైపు బలహీనత ఏది ఉన్నా వెంటనే అత్యవసర చికిత్సకు పంపాలి.

షుగర్‌కు హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్త పరీక్ష) సులువు, పరగడుపున రానక్కర్లేదు. 6.5 శాతం, ఆపైన మధుమేహం, 5.7 నుంచి 6.4 వరకు దాని ముందు దశ. లక్షణాలేమీ లేకపోతే రెండోసారి పరీక్షతోనే నిర్ధారించాలి. ముందు దశలో ఉన్నవారి గురించి 2002లో వెలువడిన అమెరికా అధ్యయనం దారి చూపింది. శరీర బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల శారీరక శ్రమ లక్ష్యంగా పెట్టుకుని, శిక్షకుడి సాయంతో సాధన చేసినవారిలో మధుమేహం రావడం 58 శాతం తగ్గింది. ఆ సాధన నెలల తరబడి, విడివిడిగా మనిషిని పట్టించుకుంటూ నడిచింది. ఒక ఉపన్యాసం, ఒక కరపత్రంతో ఆ ఫలితం రాదు.

ఇప్పటికే మందులు వాడాల్సినవారిలో డబ్బు పోయే దారి మందులు మానేయడం. అమెరికాలోని యాష్‌విల్ నగర పాలక సంస్థ 1996లో తన ఉద్యోగుల్లో షుగర్ ఉన్నవారిని శిక్షణ పొందిన ఫార్మసిస్టులకు అప్పగించింది. వారు క్రమంగా కలిసి, మందులు సరిచూసేవారు. అలా వచ్చేవారికి షుగర్ మందుల మీద చేతి ఖర్చు ఉండేది కాదు. షుగర్ అదుపులోకి వచ్చింది, మొత్తం ఖర్చు తగ్గింది. లాటరీతో విడదీసిన పోలిక జట్టు లేదు గనుక ఆదా అంకెను యథాతథంగా నమ్మకూడదు. పద్ధతి మాత్రం ఎవరైనా పాటించదగ్గది:

- బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, ఆస్తమా మందుల్లో చవకైన జెనరిక్‌లకు ఉద్యోగి వాటా సున్నా చేయండి.
- నెలకు బదులు 90 రోజుల మందులు ఒకేసారి ఇప్పించండి.
- మందు తీసుకోవాల్సిన తేదీ దాటి 7 రోజులైతే నర్సు ఫోన్ చేయాలి. ఎందుకు ఆగిందో అడగాలి: ఖర్చా, దగ్గు వంటి దుష్ప్రభావమా, తగ్గిపోయిందనుకున్నారా? ఒక్కోదానికి పరిష్కారం వేరు.

మొదటి ఏడాది మందుల ఖర్చు పెరుగుతుంది. అది మంచి సూచనే. ఫైనాన్స్ విభాగం దాన్ని చూసి కార్యక్రమం ఆపేయకుండా ముందే చెప్పి ఉంచండి.

శిబిరం తర్వాత ప్రతి మెట్టులో ఎందరు జారిపోయారో చూడండి. ఉదాహరణకు 400 మందిని పరీక్షిస్తే 120 మందికి బీపీ ఎక్కువ చూపింది, రెండో రోజు 80 మందికి ఖాయమైంది, 50 మంది డాక్టర్‌ను కలిశారు, ఆరు నెలల తర్వాత 30 మందికే అదుపులో ఉంది అనుకుందాం. 80 నుంచి 50కి ఎందుకు పడిపోయింది? డాక్టర్ వేళలు షిఫ్టుకు కుదరకపోవచ్చు, సెలవు జీతం కోతపడుతుండవచ్చు. ఈ పట్టికను మూడు నెలలకోసారి చూస్తే తర్వాత ఏం చేయాలో అదే చెబుతుంది.

6. నడుము నొప్పి, పని స్థలం

ఇక్కడ వెల్‌నెస్ క్లాసుకన్నా పని తీరు మార్చడం ఎక్కువ పని చేస్తుంది. బరువులెత్తే పనిలో అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క మొదలయ్యేది 23 కిలోలతో. అదీ బరువు ఒంటికి దగ్గరగా, నడుము తిప్పకుండా, అప్పుడప్పుడే ఎత్తితే. దూరం, వంగడం, ఎన్నిసార్లు ఎత్తుతారు అన్నవి పెరిగేకొద్దీ పరిమితి తగ్గుతూ వస్తుంది. తరచుగా తీసే సరుకును మోకాలి నుంచి భుజం ఎత్తు మధ్యలో పెట్టండి. కుర్చీ పనిలో స్క్రీన్ పై అంచు కంటి ఎత్తులో, చేయి చాపినంత దూరంలో, పాదాలు పూర్తిగా నేలమీద ఉండాలి. ల్యాప్‌టాప్ మీదే రోజంతా పని చేసేవారికి విడి కీబోర్డు, ల్యాప్‌టాప్‌ను ఎత్తులో నిలిపే స్టాండు ఇస్తే చాలావరకు సరిపోతుంది.

నొప్పి వచ్చాక ఖర్చు పెరిగేది తొందరపడి తీసే ఎంఆర్‌ఐల వల్ల. ప్రమాద లక్షణాలు లేని నడుము నొప్పికి మొదటి ఆరు వారాల్లో స్కాన్ అక్కర్లేదు; చాలామందికి కదులుతూ ఉంటేనే తగ్గుతుంది. మూత్రం మీద అదుపు తప్పడం, తొడల మధ్య తిమ్మిరి, కాలు బలహీనపడటం, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, గతంలో క్యాన్సర్, పెద్ద దెబ్బ ఉంటే ఆలస్యం చేయకుండా పంపాలి. డాక్టర్ చీటీ అడగకుండా మొదటి వారంలోనే ఫిజియోథెరపిస్టును కలిసే వీలు కల్పించండి. తేలిక పనికి మార్చి త్వరగా విధుల్లోకి తీసుకోండి.

7. పొగాకు

డబ్బు బహుమతి పని చేస్తుందని తేలిన కొద్ది చోట్లలో ఇదొకటి. ఒక పెద్ద అమెరికన్ కంపెనీకి చెందిన 878 మంది ఉద్యోగులతో జరిగి 2009లో వెలువడిన పరీక్షలో, మూడు విడతల్లో 750 డాలర్ల దాకా ఆశ చూపిన జట్టులో 9 లేదా 12 నెలల నాటికి 14.7 శాతం మానేశారు. సమాచారం మాత్రమే ఇచ్చిన జట్టులో 5 శాతం. బహుమతులు ఆగాక రెండు జట్లలోనూ కొందరు మళ్లీ మొదలుపెట్టారు, అయినా తేడా మిగిలింది. కాబట్టి పెద్ద మొత్తం కార్యక్రమం పూర్తి చేసినందుకు కాకుండా, పరీక్షలో మానినట్టు తేలినందుకు, చివరి విడతలో ఇవ్వండి. ఉద్యోగి ముందే డిపాజిట్ కట్టి, మానితే తిరిగి తీసుకునే పద్ధతికి ఒప్పుకునేవారు చాలా తక్కువ. నికోటిన్ ప్యాచ్‌తో పాటు గమ్, అవసరమైతే డాక్టర్ రాసే మందులు, సలహాదారు ఫోన్లు ఉచితంగా ఉండాలి. పడి లేచినవారికి రెండో, మూడో అవకాశం కూడా ఇవ్వండి.

8. మానసిక ఆరోగ్యం

డిప్రెషన్, ఆందోళనల వల్ల ప్రపంచంలో ఏటా 1,200 కోట్ల పనిదినాలు పోతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కౌన్సెలింగ్ నంబరు ఒకటి ఇచ్చి ఊరుకుంటే దాన్ని వాడేవారు ఉండరు. మొదటి అపాయింట్‌మెంట్ ఎన్ని రోజుల్లో దొరుకుతోందో మీరే కొలవండి. వారం దాటితే కౌన్సెలింగ్ ఇచ్చే ఏజెన్సీని మార్చండి. సూపర్‌వైజర్లకు అర పూట శిక్షణ ఇవ్వండి: మార్పును గమనించడం, ఏకాంతంగా అడగడం, నిర్ధారణ జోలికి పోకుండా దారి చూపడం. మనుషులు తక్కువై రోజూ అదనపు గంటలు పడుతున్న విభాగంలో ధ్యానం యాప్ ఇవ్వడం అవమానంగా తోస్తుంది. అక్కడ ముందు షిఫ్టుల పట్టిక సరిచేయాలి.

9. ప్రోత్సాహకాలు

పరీక్షకు రావడం, నర్సుతో మాట్లాడటం, మందులు సమయానికి తీసుకోవడం వంటి పనులకు బహుమతి ఇవ్వండి. బరువు, కొలెస్ట్రాల్ అంకె తగ్గకపోతే ప్రీమియం పెంచే పద్ధతి జబ్బు ఉన్నవారి మీద భారం మోపడమే అవుతుంది, ఖర్చు మాయం కాదు. అంకెకు ముడిపెట్టక తప్పకపోతే, ఆరోగ్య కారణాల వల్ల చేరుకోలేనివారికి ప్రత్యామ్నాయ మార్గం ఉండాలి. పరీక్షలు, ఫ్లూ టీకాలు పని వేళల్లో, రాత్రి షిఫ్టుకు రాత్రిపూటే జరగాలి. ఈ ఒక్క సౌకర్యం చిన్న చిన్న బహుమతులన్నిటికన్నా ఎక్కువమందిని తెస్తుంది.

10. కొలత, రెన్యూవల్

పాల్గొన్నవారిని పాల్గొననివారితో పోల్చిన రిపోర్టును ఒప్పుకోవద్దు. ఇల్లినాయ్‌లో చూశాం కదా, చేరేవారు ముందే ఆరోగ్యవంతులు. బోల్తా పడే చోటు ఇంకొకటి ఉంది. ఈ ఏడాది అత్యధికంగా ఖర్చయినవారిని ఎంచుకుని సాయం చేస్తే వచ్చే ఏడాది వాళ్ల ఖర్చు తగ్గుతుంది. ఆపరేషన్ అయిపోయింది కాబట్టి మీరేమీ చేయకపోయినా తగ్గేది. ఆ తగ్గుదలను తమ ఖాతాలో వేసుకునే వెల్‌నెస్ ఏజెన్సీలు చాలా ఉన్నాయి.

దీనికి మందు సులువైనదే. శాఖలు ఆరు ఉంటే చీటీలు తీసి మూడింటిలో ఇప్పుడు, మిగతా మూడింటిలో 12 నెలల తర్వాత మొదలుపెట్టండి. శాఖలో ఉన్న అందరి సభ్య-నెల ఖర్చును, చేరినా చేరకపోయినా కలిపి పోల్చండి. వెయ్యి మందికన్నా తక్కువ ఉన్న చోట ఒక్క గుండె ఆపరేషన్‌తో లెక్క తారుమారవుతుంది. అక్కడ భారీ క్లెయిములను ఒక పరిమితి దగ్గర కత్తిరించి చూడండి. ఖర్చుకన్నా బీపీ అదుపులో ఉన్నవారి శాతం, మందుల క్రమం, ఎమర్జెన్సీ సందర్శనలు, సెలవు రోజులు నమ్మదగ్గ సూచికలు. ఏజెన్సీ ఒప్పందంలో ఫీజులో కొంత భాగాన్ని పాల్గొన్నవారి సంఖ్యకు కాకుండా ఈ సూచికలకు కట్టండి. డేటా మీదేనని, ఒప్పందం ముగిస్తే తిరిగి ఇవ్వాలని రాయించండి.

క్లెయిముల్లో తేడా వెతకడానికి రెండేళ్లకు ముందు తొందరపడొద్దు. రెన్యూవల్‌కు నాలుగు నెలల ముందే మూడేళ్ల సభ్య-నెల ఖర్చు, భారీ క్లెయిములు తీసేసిన లెక్క, బీపీ-షుగర్ అదుపు శాతాలు ఒకే పేజీలో పెట్టి బీమా కంపెనీ లెక్కల విభాగంతో కూర్చోండి. అదే పేజీతో మరో ఇద్దరి దగ్గర కొటేషన్లు తెప్పించుకుని ఉంటే ఆ సంభాషణ ఇంకో తీరుగా సాగుతుంది.